పద్దెనిమిది బై ఇరవై నాలుగు

కనిగిరి బస్టాండుకి ఎదురుగా నా ఫ్రేముల కొట్టు.
నలభై ఏళ్లలో ఎన్ని గంగలకు అద్దం బిగించానో
లెక్క రాసుకోలేదు.
ఎప్పుడూ అదే పటం.
నడుం మీద చేతులు పెట్టుకుని, జడలు విప్పుకుని
శివుడు పైకి చూస్తుంటాడు.
చీర కుచ్చిళ్లు నలక్కుండా ఆమె దిగుతుంటుంది.
ఓ పక్క దండం పెట్టుకుని భగీరథుడు,
ఇంకో పక్క ఎద్దు మీద మోచెయ్యి ఆనించి
వచ్చేదెవత్తా అని పార్వతి.
బోరు వేయించినోళ్లే ఎక్కువ కొనేది.
నీళ్లు పడితే ఒకటి,
పడకపోయినా ఒకటి.

వెంగమ్మ చిన్నప్పుడు బడి వదిలాక
ఈ కొట్టు ముందే నిలబడేది,
చెప్పుల్లేని కాళ్లు ఒకదాని మీద ఒకటి మార్చుకుంటూ.
"కాశిం మామా, ఆ నీళ్లు తాగినా పళ్లు గారపడతయ్యా?"
అని ఒకసారి అడిగింది.
నా పళ్ల మధ్య మేకులున్నాయి,
జవాబు తప్పిపోయింది.

ఇప్పుడామె గోడల మీద సిమెంటు కంపెనీల పేర్లు రాస్తుంది,
ఎన్నికలొస్తే గుర్తులు.
మిగిలిన రంగుతో, మిగిలిన రాత్రితో
తన బొమ్మలు.
మొన్న బుధవారం గోనెసంచిలో చుట్టి తెచ్చింది.
"ఆ పటమే మామా. నా చేత్తో."

విప్పాను.
గంగ లేదు.
ఆకాశం ఉంది, మార్కాపురం పలక రంగులో,
ఎంత తుడిచినా పోని సుద్ద మరకలతో.
పార్వతి ప్లాస్టిక్ బిందె చంకనెత్తుకుని
ఎద్దు మీద కాదు, ట్యాంకరు మీద ఆనుకుంది.
భగీరథుడి చేతులు జోడించే ఉన్నాయి,
మధ్యలో సదరం క్యాంపు కాగితం.

శివుడు...
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.
మాలకొండయ్య.
వెంగమ్మ నాయన.
బోరు లారీ మీద పాతికేళ్లు పైపులు మోసి
ఊరూరా నీళ్లు తీసి
ఆ నీళ్లే తాగినవాడు.
అవి ముందు పళ్ల మీద రాశాయి,
తర్వాత మోకాళ్లలో, ఆఖరికి మెడలో.
పోయే ముందు ఆరేళ్లు
ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది,
తలుపులాగా.

శివుడు పైకి చూడాలి కదమ్మా, అన్నాను.
"నాయన మెడ లేవదు గదా.
వారం రోజులు గీశా మామా, పైకి చూసేట్టు.
ప్రతిసారీ ఎవరో వేరే ఆయన వచ్చి నిలబడ్డాడు.
ఇంక వదిలేశా. నాయన ఎటు చూడగలిగితే అటే."

అందుకని కిందికి చూస్తున్నాడు.
పాదాల మధ్య ఆరంగుళాల కన్నం.
భుజాన కేసింగు పైపు.
మా వైపు గంగ దిగదు,
మనమే దిగాలి, అడుగుకింత అని లెక్క కట్టి.
ఎనిమిది వందల అడుగుల నుంచి బూడిదరంగు పొడి లేస్తోంది.
పొడిలో, ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టి చూస్తే,
చీర కుచ్చిళ్లు.

కంఠం మామూలుగా ఉంది.
నీలం మోకాళ్లకి వేసింది.
"విషం యాడుందో ఆడ వేశా," అంది.
నోరు మూసే ఉంది.
ఆయన ఫొటోలన్నిట్లోనూ అంతే.

కొలిచాను. పద్దెనిమిది బై ఇరవై నాలుగు.
అరంగుళం తేడా లేదు.
చిన్నప్పుడు కంటితోనే కొలుచుకుపోయిందన్నమాట.
చెక్కకి డబ్బులు వద్దన్నాను.
అద్దానికి తీసుకున్నాను,
అద్దం ఒంగోలు నుంచి అప్పు మీద వస్తుంది.

మేకులు దిగగొడుతుంటే
గంగ పటం కోసం వచ్చిన ముసలాయనొకడు, వెలిగండ్ల వైపు రైతు,
నా భుజం మీదుగా వంగి
చాలాసేపు చూశాడు.
దేవుడెవరని అడగలేదు.
ఆ కన్నం మీద వేలు పెట్టి
"పడ్డయ్యా?" అన్నాడు.

వెంగమ్మ గోనెసంచి మడత పెడుతోంది.
రెండోసారి మడిచింది,
మూడోసారి.